నూట మూడు దగ్గర ఆగిన కుడికాలు

సూర్యభగవానుడు పొద్దెక్కాక తీరిగ్గా వచ్చి, భోజనాల వేళ దాటగానే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయే ఉత్తర దిగ్భాగాన, భూర్జవృక్షాలు తమ కనకపర్ణ సర్వస్వాన్నీ నేలకు ధారపోసి దిగంబర సన్న్యాసుల్లా నిలిచిన వేళ, సరోవర తీరాల వెంట తొలిమంచు పాలమీగడలా పలచగా కట్టే అక్టోబరు మాసాంతాన, రేడియోలో వాతావరణం చదివే ఆవిడ "సోమవారం నుంచి మంచు" అని నిద్రగొట్టు గొంతుతో పలికిన ఒక్క వాక్యాన్నే రణభేరీ నినాదంగా ఆలకించి, ఫిన్లాండు దేశ గృహస్థులు యావన్మందీ తమ తమ కొట్టుగదుల్లోంచి మంచు మీద జారని మేకుల టైర్లను దొర్లించుకుంటూ, జాకీహస్తులై, మోకాళ్ల కింద పాత కంబళ్లు పరచుకుని, శీతకాల మహాశత్రువు మీదికి సమరసన్నద్ధులయ్యే ఆ పుణ్యకాలంలో, ఈసల్మి పట్టణపు పడమటి చివర, అన్ని గుమ్మాలకూ ఒకటే వాకిలీ, ఒకటే చెత్తకొట్టూ, వంతులవారీగా ఆవిరి పట్టుకునే ఒకటే సౌనా గల ముస్తిక్కరిన్నె అనే ఇళ్ల వరుసలో, మూడో గుమ్మం ముందు, ఒక మహావీరుడు చేతులు కట్టుకుని తన కారు చక్రాల వంక చూస్తున్నాడు. చూస్తున్నాడే గానీ ముట్టుకోవడం లేదు.

అతడే ఎన్సియో హుత్తునెన్. తుప్పుమర్దనుడు, జాకీధరుడు, నట్టుగర్వభంజనుడు, దక్షిణపాద ప్రచండుడు. రంపపు మిల్లులో దుంగలు దొర్లించి దొర్లించి భుజాలు తలుపంత వెడల్పయినవాడు. మాటల విషయంలో మాత్రం కడు పొదుపరి. గుండెలో మహాప్రవాహాలు పొంగినా పెదవి దాటి వచ్చేది "ఊఁ" ఒక్కటే. కనుక అతడి మనసులోని గంభీర భాషణాలను లోకానికి వినిపించే భారం ఈ కథ చెప్పేవాడి నెత్తిన పడింది. పడితే పడింది, మోస్తాం.

చక్రం బిగించడంలో ఎన్సియో వంశానిది ఒక సంప్రదాయం. తొలుత నట్టును వేళ్లతో తిప్పాలి. ఆపైన వీల్ పానాతో బిగించాలి. ఆ పానా పిడికి బారెడు ఇనుప నీళ్ల గొట్టం తొడిగి మళ్లీ బిగించాలి. అటుపిమ్మట గొట్టం మీద కుడికాలు మోపి, కారు కప్పు పట్టుకుని, దేహభారం యావత్తూ దానిమీద వేయాలి. నట్టు కుయ్యిమని మూలుగుతుంది. అప్పుడు చలికాలం పేరు చెప్పి ఇంకొక్క తొక్కు. తండ్రి నేర్పిన విద్య అది. మరలు తెగి, బోల్టులు విరిగి చేతికొచ్చిన సందర్భాలూ లేకపోలేదు, కానీ అవన్నీ ఆ ఇనుము పిరికితనం కింద జమ కట్టాడు మనవాడు.

ఇంతటి వీరుడు ఈనాడు చేతులు కట్టుకుని నిలబడ్డానికి కారణం, పోయిన ఫిబ్రవరిలో అతడి భార్యకు జరిగిన అవమానం.

ఆమె పేరు మైరె. అడవుల మధ్య విసిరేసినట్టుండే ఇళ్లకు రోజూ కారేసుకుని వెళ్లి, ఒంటరి ముసలివాళ్లకు మందులూ సూదులూ ఇచ్చే నర్సు. ఆనాడు హిల్మా అనే ముసలమ్మకు చక్కెర జబ్బు సూది వేయడానికి పోతుండగా, మనుష్య సంచారం లేని అడవిదారిలో టైరు పంక్చరైంది. మైరెకు చక్రం మార్చడం రాక కాదు. జాకీ తీసింది, కారుతో ఇచ్చిన పొట్టి పానా తీసింది, నట్టుకు తగిలించి లాగింది. రాలేదు. రెండు చేతులా లాగింది. రాలేదు. చివరికి పానా మీద రెండు కాళ్లతో ఎక్కి గెంతింది. పానా జారి మోకాలి కింద ఎముకను చీల్చింది గానీ నట్టు మాత్రం తన యజమాని పాదస్పర్శను తలుచుకుంటూ నిశ్చల సమాధిలో ఉండిపోయింది. ఎంతసేపటికో పాలట్యాంకరు వచ్చింది. దాని డ్రైవరు కూడా చెమటలు కక్కి, "దీన్ని బిగించింది మనిషా, క్రేనా?" అని అడిగాడట. అక్కడ హిల్మా, సూది పడందే ముద్ద ముట్టకూడదు గనుక, ఎదురుగా గంజి పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఆకలితో కూర్చుంది.

ఆ రాత్రి మైరె కుంటుతూ వచ్చి చెప్పిన మాట ఎన్సియో ఈనాటికీ మరవలేదు.

"నువ్వు కాలితో బిగించింది నా చేత్తో ఊడదు. వచ్చే చలికాలానికి అవి నా చేత్తో ఊడాలి. లేదంటే కారు టైర్ల షాపుకి పోతుంది. ఇంక నువ్వు దాని జోలికి రావద్దు."

టైర్ల షాపు! అంటే ప్లాస్టిక్ కుర్చీలో చేతులు ముడుచుకు కూర్చుని, మిషను కాఫీ తాగుతూ, తన ఆలి చక్రాలను పరాయి మగవాడు బిగిస్తుంటే అద్దంలోంచి చూడటం. ముస్తిక్కరిన్నె చరిత్రలో ఏ ఇంటికీ పట్టని గతి అది. ఎన్సియో పరువు ఆ వాకిట్లోనే మట్టిలో కలిసిపోతుంది.

పోనీ, చేత్తోనే మెత్తగా బిగించి ఊరుకుందామా అంటే అటువైపు ఇంకో భూతం కాచుక్కూర్చుంది. దాని పేరు తౌనో చక్రం. పక్కింటి తౌనో కొన్నేళ్ల కిందట, జాకీ మీద కారుండగా ఫోను మాట్లాడుతూ నట్లు వేళ్లతో తిప్పి, బిగించడం మరిచిపోయి, కుఓపియో దారిన బయల్దేరాడు. కాసేపటికి ఒక చక్రం అతడి కారును దాటుకుని ముందుకు పోయింది. "ఎవడిదో పాపం" అనుకున్నాడట తౌనో. అది మర్యాదగా రోడ్డు దిగి బంగాళదుంపల చేలో పడుకున్నాక గానీ అది తనదేనని తెలియలేదు. తౌనో నలిగిన కారుతోనూ చెక్కుచెదరని నాలుకతోనూ బతికి బయటపడ్డాడు. అదే మైరెకు జరిగితే? ఆ ఊహ రాగానే ఎన్సియో కుడికాలు దానంతటదే లేచేది.

గట్టిగా బిగిస్తే ఊడదు, మెత్తగా బిగిస్తే ఊడిపోతుంది. ఈ రెంటి నడుమ ఉన్న సన్నని దారి తెలిసిన వస్తువు ముస్తిక్కరిన్నెలో ఒక్కటే ఉంది. అది తౌనో ఎర్రపెట్టెలో ఉంది. చక్రభ్రంశం జరిగిన మర్నాడే తౌనో కొనుక్కొచ్చిన టార్క్ రెంచి! ఎంత బిగువు కావాలో పిడి మీద తిప్పి పెడితే, అంత బిగువు చేరగానే టక్కుమని ఆగమని చెప్పే ఆయుధరాజం. దాన్ని కొన్ననాటి నుంచి తౌనో ఎదురుపడ్డ ప్రతివాడికీ దాని మహిమలు వర్ణిస్తూ వచ్చాడు. ఎన్సియో ప్రతిసారీ తన కుడికాలు చూపించి వెళ్లిపోతూ వచ్చాడు. ఇప్పుడు ఆ తౌనో గుమ్మం ముందు ఆ కాళ్లతోనే నిలబడాలి.

ఆ శనివారం ముస్తిక్కరిన్నె వాళ్లంతా కలిసి వాకిలి ఊడ్చుకునే రోజు. ఆకులు పోగుచేసి, చెట్లకు గోనెలు చుట్టి, చెత్తకొట్టు పక్కన నిప్పులు రాజేసి సాసేజీలు కాలుస్తున్నారు. తౌనో నిప్పుల దగ్గర ఆవముద్ద డబ్బా పట్టుకుని, సావో ప్రాంతం వాళ్లకు పుట్టుకతో వచ్చిన వాగ్ధాటితో, అవునని గానీ కాదని గానీ తేల్చకుండా పంచాయితీలు తీరుస్తున్నాడు. ఆ ప్రాంతంలో ఏదీ సూటిగా అడగరు. అందుచేత ఎన్సియో ముందు మంచు గురించి కదిపాడు. పడొచ్చు, పడకపోనూ వచ్చు అన్నాడు తౌనో. తరవాత దుంపల ధర వచ్చింది, అదీ పోయింది. చివరికి సాసేజీ సగమయ్యాక వీరుడు సముద్రంలో దూకినట్టు దూకాడు.

"నీ ఎర్రపెట్టె ఎక్కడుందోయ్?"

తౌనో నమలడం ఆపాడు. చుట్టూ ఆకులూడ్చేవాళ్లు ఆకులూడ్చడం ఆపారు.

"ఉండాల్సిన చోట ఉంది. ఏం?"

"ఊరికే."

"ఊరికే అయితే నీ కుడికాలికి తెలియకుండా అడుగు, పాపం బాధపడుద్ది," అన్నాడు తౌనో. నిప్పుల చుట్టూ నవ్వులు లేచాయి. ఎన్సియో చెవులు ఎర్రబడ్డాయి గానీ అతడు కదల్లేదు. కదిలితే టైర్ల షాపు. ఆ నిలకడ చూసి తౌనోకు ఏమనిపించిందో, వేళ్లు తుడుచుకుని లేచాడు. "సరే పద. కానీ నేనూ వస్తా. అది నా మంచం కింద పడుకునే వస్తువు, కొత్తవాళ్ల చేతుల్లో బెదురుద్ది."

అలా మొదలైంది ఆ మహాసంగ్రామం.

ఎన్సియో కారును జాకీ మీద ఎత్తి, వేసవి చక్రాలను ఒక్కొక్కటిగా కూల్చాడు. పోయినసారి తానే తొక్కిన నట్లతో తానే పోరాడి, తన బలానికి తానే ముక్కుతూ మూలుగుతూ జవాబు చెప్పుకున్నాడు. ఇనుప బ్రష్షుతో తుప్పు తోమాడు. మేకుల టైర్లు ఎక్కించి, నట్లన్నీ వేళ్లతో తిప్పి, చక్రం నేలను తాకేదాకా కారు దించాడు. అప్పుడు తౌనో ఎర్రపెట్టె తెరిచి, నూనె గుడ్డ విప్పి, కారు పుస్తకంలో రాసిన బిగువు అంకె నూట మూడు దగ్గరికి పిడి తిప్పిపెట్టి, రెండు చేతులా అందించాడు. వీరుడు దాన్ని అందుకుని, మొదటి నట్టు ముందు మోకరిల్లి, హృదయాంతరాళంలో ఇలా గర్జించాడు.

"ఓరీ షట్కోణ లోహాధమా! నా తండ్రి నీ తాతను తొక్కినవాడు. నేను నీ తండ్రిని తొక్కినవాడను. నీ కులమున కుయ్యిమని మూలుగనివాడు లేడు. అట్టి నేను నేడు కాలము వక్రించి, పరుల పెట్టెలోని పుల్లకు లోబడి, నిన్ను పూలమాల వోలె సుకుమారముగా బిగింపవలసివచ్చె. ఇది నా పరాభవము, నీ భాగ్యము. బిగియుము!"

బయటికి మాత్రం "ఊఁ" అన్నాడు.

లాగాడు. ఇంకా ఊపిరి బిగబట్టనే లేదు, భుజం పొంగనే లేదు, నుదుట చెమట పట్టనే లేదు. టక్.

ఎన్సియో రెంచి వైపు చూశాడు. చెడిపోయిందనుకున్నాడు. "ఇంతేనా?"

"ఇంతే."

"ఇంకా మొదలెట్టనే లేదు."

"అందుకే అయిపోయింది," అన్నాడు తౌనో.

ఎన్సియోకు నమ్మకం కుదరలేదు. మళ్లీ లాగబోయాడు. తౌనో అతడి మణికట్టు పట్టుకున్నాడు. "ఒక్కసారే. రెండోసారి టక్కుమనిపిస్తే అది నూట మూడు కాదు, నీ తిక్క."

ఆ మాట ములుకులా దిగింది. అయినా దిగమింగుకుని, నక్షత్రం గీసినట్టు ఎదురెదురు నట్లను వరుసగా లాగుతూ, ఒక్కో టక్కుకూ ఒక్కో ఆశ చంపుకుంటూ, నాలుగు చక్రాలనూ చుట్టి వచ్చాడు. ఏ నట్టూ మూలగలేదు, ఏదీ శరణు వేడలేదు. విజయానికి ఒక కేక ఉండాలి గదా, ఇదేమి గెలుపు? తౌనో రెంచి పిడిని వెనక్కి తిప్పి స్ప్రింగుకు విశ్రాంతి ఇచ్చి, బిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టెలో పెట్టేశాడు. రేపు కారు కొంచెం తిరిగాక మళ్లీ ఒకసారి చూడాలి, నేనూ వస్తా, పెట్టె ఒంటరిగా రాదు అని చెప్పి, సాసేజీల దగ్గరికి నడిచాడు.

సాయంత్రం సౌనా వంతు హుత్తునెన్లది. పొయ్యి మీది రాళ్లు కణకణమంటున్నాయి. దంపతులిద్దరూ పై బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. మైరె నీళ్లు చల్లితే ఆవిరి బుస్సుమని లేచి చెవులు కాల్చింది. లోకంలోని బరువులన్నీ ఫిన్లాండువాడు దించుకునే చోటు అది. ఎన్సియోకు మాత్రం నట్లన్నీ గుండెలోనే తిరుగుతున్నాయి. నూట మూడు. ఎవడో ఆఫీసులో కూర్చుని పుస్తకంలో రాసిన అంకె. వాడికి మైరె తెలుసా? ఆ అడవిదారులు తెలుసా? చక్రం ఒకటి ఆమెను దాటుకుని పోతే, అక్కడ బంగాళదుంపల చేను కూడా ఉండదు, చెట్లే ఉంటాయి. భయం వేసింది మహావీరుడికి. ఉత్తుత్తి భయం కాదు.

చల్లారి వస్తానని తువ్వాలు చుట్టుకుని, రబ్బరు చెప్పులేసుకుని బయటికి నడిచాడు. అందులో వింతేమీ లేదు, ఎవరైనా వస్తారు. కానీ చెత్తకొట్టు వెనక నుంచి వీల్ పానానూ నీళ్ల గొట్టాన్నీ ఎవరూ తీసుకు రారు.

చీకటి పడింది. సోమవారం దాకా ఆగలేని తొలిమంచు రేకులు రెండు మూడు రాలుతున్నాయి. పొగలు కక్కే దేహంతో, యజ్ఞకుండం లేచి నడిచి వచ్చినట్టు, ఎన్సియో కారును సమీపించి, ముందు చక్రానికి పానా తగిలించి, పానాకు గొట్టం తొడిగి, కారు కప్పు పట్టుకుని, కుడికాలు పైకెత్తాడు. ఆ క్షణాన ఆ కాలికి మాటలొచ్చాయి.

"స్వామీ! ఇన్నేండ్లు నీ కొలువు సేసితిని. నేను తొక్కిన చక్రమొక్కటియైన ఊడిపోయెనా? ఎర్రపెట్టెలో పండుకొను పుల్లను నమ్మి నన్ను చెప్పులో పెట్టి మూలకు నెట్టితివి. పోనిమ్ము. ఒక్క తొక్కు. ఎవరికి తెలియును? ఒక్క తొక్కుతో నీకు నిద్ర పట్టును!"

కాలు ఇంకాస్త లేచింది. తువ్వాలు జారిపోయింది.

నిప్పుల దగ్గర మిగిలిన నలుగురూ ఇటు చూశారు. చూసి, మర్యాదస్తులు గనుక, ఒక్కసారిగా సరస్సు వైపు తిరిగి, చీకట్లో కనిపించని ఆ నీళ్లను ఎంతో శ్రద్ధగా చూడసాగారు. ఎవరూ నవ్వలేదు. తౌనో దగ్గాడు, అంతే.

దిగంబరుడై, ఒంటికాలి మీద, మంచు రేకులు వీపున పడి ఆవిరైపోతుండగా, ఎన్సియో ఆ గొట్టాన్నే చూస్తున్నాడు. నిద్ర పట్టును అంది కాలు. ఎవరికి? తనకు. ఇందాక పై బల్ల మీద మైరె పక్కన కూర్చున్నప్పుడు, ఆమె మోకాలి కింద ఆ తెల్లని మచ్చ కనిపించింది. ప్రతి శనివారమూ కనిపిస్తుంది. పానా జారి చీల్చిన చోటు. మొదట నీలంగా, తరవాత పసుపుగా, ఆపైన తెల్లగా మారడం అతడు వారం వారం చూశాడు, ఒక్కసారీ ఏమీ అనలేదు. ఆ పానా జారడానికి ముందు ఆ నట్టును తొక్కి బిగించిన కాలు మైరెది కాదు. తనదే.

దక్షిణపాద ప్రచండుడు కుడికాలు నేల మీదికి దించాడు. గొట్టం ఊడదీశాడు. తువ్వాలు తీసుకున్నాడు, చుట్టుకోవడం గుర్తు రాలేదు. గొట్టాన్ని చెత్తకొట్టులో ఇనుప సామాను డబ్బాలో పడేస్తే దాని మోతకు వాకిలంతా అదిరింది. సరస్సు చూసేవాళ్లు మాత్రం తల తిప్పలేదు.

లోపలికి వచ్చి బల్లెక్కాడు. మైరె అతడి కేసి చూడకుండా అడిగింది.

"తొక్కావా?"

"కాలెత్తాను."

"ఊఁ?"

"దించాను."

మైరె గరిటెతో నీళ్లు తీసి రాళ్ల మీద పోసింది, మామూలు కంటే కొంచెం ఎక్కువే. ఆవిరి ఇద్దరినీ కప్పేసింది. కాసేపటికి ఎన్సియో, ఆ మచ్చ మీద అరచెయ్యి ఆనించి, "నావల్లే," అన్నాడు. జీవితంలో అంత పొడుగు మాట అతడు సౌనాలో ఎన్నడూ అనలేదు.

మర్నాడు ఆదివారం. మైరె కారు నడిపింది, ఎన్సియో పక్కన కూర్చున్నాడు, వెనక సీట్లో తౌనో, అతడి ఒళ్లో ఎర్రపెట్టె. పట్టణం దాటి చాలా దూరం పోయి, పెట్రోలు బంకు ముందు ఆగారు. కాఫీకి వచ్చినవాళ్లు యాలకుల బన్నులు నములుతూ అద్దాల వెనక నుంచి తిలకిస్తుండగా, మైరె కారులోంచి పొట్టి పానా తీసింది. గొట్టం లేదు, గెంతడం లేదు. ముందు చక్రం ముందు మోకాలు మోపి, నట్టుకు తగిలించి, రెండు చేతులా పట్టుకుంది. ఎన్సియో ఊపిరి బిగబట్టాడు. నిన్న రెంచి లాగినప్పుడు కూడా బిగబట్టని ఊపిరి.

లాగింది. కిర్రుమంది.

ఊడింది!

దిక్కులారా వినండి, సరోవరాల్లారా వినండి, పెట్రోలు బంకులోని బన్నుభక్షకులారా వినండి! ఏనుగు కుంభస్థలం పగలగొట్టడం కాదు, కోట గోడ కూల్చడం కాదు, ఒక ఆడమనిషి రెండు చేతులకు ఒక నట్టు ఊడింది! ముస్తిక్కరిన్నె ప్రభువు, తుప్పుమర్దనుడు, ఎన్సియో హుత్తునెన్, తన బలాన్ని తానే జయించి, తొక్కకుండా గెలిచిన మొదటి హుత్తునెన్ అయ్యాడు! ఆ నట్టును మైరె మళ్లీ తౌనో రెంచితోనే బిగించింది. టక్. తక్కినవన్నీ కూడా తానే చూసింది. ఏ ఒక్కటీ వెంట్రుకవాసి కదలకుండానే టక్కు టక్కుమన్నాయి. చక్రాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"రేపు హిల్మాకు సూది టైముకే పడుద్ది," అంది మైరె, చేతులు దులుపుకుంటూ. తౌనో రెంచిని నూనె గుడ్డలో చుట్టి పెట్టె మూసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో మైరె కొంచెం వేగంగానే నడిపింది. మలుపు దగ్గర లారీ ఒకటి అడ్డొచ్చింది. బ్రేకు ఆమె కాలి కింద ఉండగా, పక్క సీట్లో ఎన్సియో కుడికాలు తన ముందున్న ఉత్త నేలను దేహభారం యావత్తూ వేసి తొక్కుతోంది.

"కాలు తియ్యి," అంది మైరె.

తీశాడు.